విశాఖపట్నం నుంచి సాక్ష్యం

తండ్రికి అబద్ధం చెప్పడం హెప్సిబాకి కొత్త కాదు. జ్వరం వచ్చినా ఏమీ లేదనేది, భర్తతో పోట్లాడి అన్నం మానేసినా తిన్నాననేది. కానీ దేవుడి పేరు పెట్టి అబద్ధం చెప్పడం మాత్రం 2006 జూలై ఆఖరి వారంలో, ఫోన్లో, ఒక్క నిమిషంలో జరిగిపోయింది.

ఆమె భర్త జయరాజ్‌కి కొత్తగూడెంలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. వానాకాలం వచ్చిందంటే పొలాల్లో మోటార్లు నడవవు. నడవని మోటారు కాలదు, కాలని మోటారు షాపుకి రాదు. ఆ యేడు వానలు ముందే పట్టుకున్నాయి. రాగితీగ చుట్టలు మేకులకి అట్లాగే వేలాడుతున్నాయి. హెప్సిబా దగ్గర్లోని ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లయి నాలుగేళ్లయినా ఇద్దరూ కలిసి బస్సెక్కితే అది ఎవరిదో పెళ్లికి, లేకపోతే ఎవరినో మట్టి చేయడానికి. ఊరికే, తమ కోసం, ఎక్కడికీ పోలేదు.

పంపుసెట్లు అమ్మే ఒకాయన విశాఖపట్నం వెళ్లొచ్చి షాపులో కూర్చుని గంటసేపు చెప్పిపోయాడు. ఆ రోజునుంచి జయరాజ్‌కి అదే మాట.

“పీతలు పళ్లెమంత ఉంటయట. సముద్రం కనపడేటట్టు మేడ మీద టేబుళ్లు ఏస్తరట. వైన్ గూడ ఇస్తరట, గాజు గ్లాసుల.”

“వైన్ షాపుల దొరికేదేనా?” అంది హెప్సిబా.

“వైన్ షాపుల వైన్ తప్ప అన్నీ దొరుకుతయ్. ఇది ద్రాక్షలతోని చేసేది. మా చర్చిల ఫాదర్ తాగేది. చిన్నప్పటి సంది చూస్తున్న, పాత్ర ఎత్తి ఆయన తాగుతడు, మాకు అప్పం పెట్టి పంపిస్తడు. ఒక్కసారన్న దాని రుచేందో చూడాలె.”

హెప్సిబా నవ్వింది. ఆమెకి కూడా చూడాలనే ఉంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ కోరికని ఆమె ఎప్పుడూ భర్త ఒక్కడి మీదకే నెట్టలేదు.

జయరాజ్ వాళ్లు కేథలిక్కులు. హెప్సిబా తండ్రి శాంతికుమార్ బూర్గంపాడులో ప్రొటెస్టెంట్ పాస్టరు. నలభై కుటుంబాల చిన్న సంఘం. కూలీలు, కౌలు రైతులు, ఇద్దరు ముగ్గురు అటెండర్లు. ఇరవై ఆరేళ్ల కిందట ఆయన ఆ ఊరికి వచ్చేనాటికి ఆ ఇళ్లలో సాయంత్రమైతే సారా వాసనే. ఆయన ఎవరినీ తిట్టలేదు. తాగేవాడి గుమ్మంలో కూర్చునేవాడు, వాడు లోపలికి రమ్మనేదాకా. అట్లా ఒక్కొక్కరూ మానేశారు. ఆయన సంఘంలో ప్రభువు బల్లకి, అంటే నెలకోసారి రొట్టె, రసం పంచుకునే ఆరాధనకి కూడా వైన్ వాడరు. ఎండు ద్రాక్ష నానబెట్టి, మరిగించి, వడగట్టిన రసమే. భార్య ఉన్నన్నాళ్లు ఆమె కాచేది. ఆమె పోయాక ప్రతి నెలా మొదటి శనివారం హెప్సిబా బస్సెక్కి వెళ్లి కాచి పెట్టి, ఆదివారం బల్ల అయ్యాక తిరిగి వచ్చేది.

విశాఖపట్నం వెళ్దామనుకున్నది సరిగ్గా ఆ మొదటి శనివారమే.

“సముద్రం చూడనీకె పోతున్నమని చెప్పు. తప్పేమున్నది?” అన్నాడు జయరాజ్.

“బల్ల ఇడిసిపెట్టి సముద్రం చూడనీకె పోయినమంటే ఏమనుకుంటడు?” అంది హెప్సిబా. అప్పటికే నంబరు నొక్కేసింది. తండ్రి ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగింది.

“ఈసారి రాలేను నాన్నా. విశాఖపట్నం పోతున్నం.”

“ఏంది బిడ్డా, ఏం పని?”

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు మాత్రం సిద్ధం చేసుకోలేదు. “ఉపవాస ప్రార్థనలు ఉన్నయట. మూడు రోజులు,” అంది.

అవతల ఆయన గొంతు మారింది. “జయరాజు గూడ వస్తుండా?”

“అవ్ నాన్నా.”

“దేవునికి స్తోత్రం,” అన్నాడాయన. ఆ మాటలో ఉన్న సంతోషానికి హెప్సిబా ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుంది. అల్లుడు తమ కూడికలకి రావాలని ఆయన నాలుగేళ్లుగా ప్రార్థన చేస్తున్నాడు. ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు.

జయరాజ్ ఆమె వంక చూసి, “ఎందుకట్ల చెప్పినవ్?” అని మాత్రం అన్నాడు.

అది అక్కడితో ఆగితే బాగుండేది. శాంతికుమార్ ఆదివారం ఆరాధనలో ఆ మాట అందరికీ చెప్పాడు. గురువారం సాయంత్రం వానలో, గొడుగు పట్టుకుని, కొత్తగూడెం బస్టాండ్‌కి స్వయంగా వచ్చాడు. చేతిలో ఒక గోధుమరంగు కవరు, ఒక అరటిపళ్ల హస్తం.

“సంఘంల అందరు ప్రార్థన చీటీలు ఇచ్చిండ్రు. అక్కడ పెట్టండి. పండ్లు ఉపవాసం ఇడిసినంక తినండి,” అన్నాడు.

హెప్సిబా కవరు తీసుకుని సంచిలో పెట్టుకుంది. అదే సంచిలో పైన కొత్త చీర ఉంది, మేడ మీద హోటల్లో కట్టుకోవడానికి తీసిన చీర.

“శనివారం నాలుగు గంటలకు ఫోన్ చెయ్యి బిడ్డా. ఆ టైముకి అందరం మనింట్ల కూడుతం. మీరక్కడ, మేమిక్కడ, ఒక్కసారే ప్రార్థన చేద్దం.”

“చేస్త నాన్నా.”

ఆయన గొడుగు పక్కన పెట్టి ఇద్దరి తలల మీద చేతులు ఉంచి అక్కడే, ప్లాట్‌ఫాం మీద, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. చుట్టూ జనం చూస్తున్నారు. జయరాజ్ తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. “ఆమేన్” అనాల్సిన చోట ఆయన గొంతు ఒక్కటే వినిపించింది.

విశాఖపట్నంలో కూడా వానే. శుక్రవారం పొద్దున వాళ్లు మొట్టమొదటిసారి సముద్రం చూశారు. బొమ్మల్లో చూసినట్టు నీలంగా లేదు. బూడిదరంగులో, మడ్డిగా, ఒకదాని మీద ఒకటి విరుచుకుపడుతోంది. పోలీసులు ఎవరినీ ఇసుకలోకి దిగనివ్వడం లేదు. అయినా ఇద్దరూ గట్టు మీద ఒకే గొడుగు కింద రెండు గంటలు నిలబడ్డారు. పెదవులు తడుముకుంటే ఉప్పగా ఉన్నాయి. జయరాజ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కొత్తగూడెంలో బజార్లో ఎప్పుడూ పట్టుకోలేదు.

“మీ నాయిన గుర్తుకొస్తుండా?” అన్నాడు.

“ఇప్పుడు ఆ మాట ఎందుకు తీస్తవ్,” అందామె.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ మేడ మీద హోటల్‌కి వెళ్లారు. తెల్లటి గుడ్డలు పరిచిన టేబుళ్లు. అద్దాల అవతల సముద్రం. హెప్సిబా కొత్త చీర అంచు బస్సు బురదకి అప్పటికే మరకపడింది. కాళ్లు టేబుల్ కిందకి ముడుచుకుని కూర్చుంది.

వెయిటరు వచ్చి, “వైన్ డ్రై కావాలాండి, స్వీట్ కావాలాండి?” అన్నాడు.

“డ్రై అంటే?” అన్నాడు జయరాజ్. “మాకు తాగేది కావాలె.”

పక్క టేబుల్ దగ్గరున్నామె గ్లాసు దించి ఇటు చూసింది. వెయిటరు నవ్వు ఆపుకుని, “రెండూ తాగేవేనండి. డ్రై అంటే తీపి ఉండదు,” అన్నాడు. జయరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. “అదే తెండి,” అన్నాడు.

మొదటి గుక్కకి హెప్సిబా మొహం చిట్లించింది. ఎండు ద్రాక్ష రసంలా ఉంటుందనుకుంది. ఇది పుల్లగా, వగరుగా, నాలుకంతా పిండేసినట్టుంది. జయరాజ్ కూడా మింగలేక మింగి, “గిందుకేనా ఫాదర్ ఎవరికీ ఇయ్యకపోయేది,” అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో బెరుకు పోయింది. పీతలు వచ్చాయి, నిజంగానే పళ్లెమంత. వాటిని ఎట్లా విరవాలో తెలియలేదు. పటకారు లాంటిది ఇచ్చారు గానీ జయరాజ్ దాన్ని పక్కన పెట్టి, మోటారు విప్పినంత జాగ్రత్తగా వేళ్లతోనే కాళ్లు విరిచి, లోపలి మాంసం తీసి ఆమె పళ్లెంలో పెట్టాడు. మిరియాలు, అల్లం, కరివేపాకు. రొయ్యలు తిన్నారు. చేప ముక్కలు తిన్నారు. రెండో గ్లాసుకి ఆ వగరు కూడా బాగానే అనిపించింది. హెప్సిబాకి ఒళ్లు వెచ్చగా, తేలిగ్గా ఉంది. పిల్లలకి ఎక్కాలు చెప్పే మనిషి ఎవరో వేరే, ఇక్కడ కూర్చున్న మనిషి వేరే అనిపించింది. ఆ మూడు గంటలూ ఆమె సుఖంగా ఉంది. దాన్ని తర్వాత కూడా కాదనుకోలేకపోయింది. సిగ్గు రెట్టింపు కావడానికి అదీ ఒక కారణం.

గోడ గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ చూపించింది.

జయరాజ్ తన సెల్‌ఫోన్ ఆమె వైపు జరిపాడు. “చెయ్. రెండు నిమిషాలు మాట్లాడు.”

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. అక్కడ ఇంట్లో అందరూ చాపల మీద కూర్చుని ఉంటారు. ఫోన్ చుట్టూ మూగి ఉంటారు. ఆయన “ప్రార్థన చెయ్యి బిడ్డా” అంటాడు. నోట్లో ఇంకా వైన్ రుచి. మాట తడబడుతుందేమో అని “నాన్నా” అని నెమ్మదిగా అని చూసుకుంది. తడబడలేదు. అయినా చేయలేకపోయింది.

“ఇట్ల తాగి ఆయనతోని ప్రార్థన ఎట్ల చేస్త?”

“అయితే రేపు చేస్తమని చెప్పు.”

“ఆయనే చేస్తడేమో,” అని ఆమె ఫోన్ స్విచాఫ్ చేసి సంచిలో వేసుకుంది. వేళ్లకి ఆ కవరు తగిలింది. సంచి మూసేసింది.

ఆదివారం పొద్దున లాడ్జి కింద టీ కొట్టులో టీవీ నడుస్తోంది. జయరాజ్ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. భద్రాచలం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. కరకట్ట, పడవలు, నీళ్లలో కరెంటు స్తంభాలు. కింద నడిచే అక్షరాల్లో బూర్గంపాడు పేరు వచ్చింది. గోదావరి పొంగి, తనలో కలిసే కిన్నెరసాని వాగుని వెనక్కి తన్నింది, ఊళ్లోకి నీళ్లొచ్చాయి.

హెప్సిబా ఫోన్ తెరిచి తండ్రి నంబరు నొక్కింది. అది మోగను కూడా మోగలేదు. పన్నెండుసార్లు చేసింది.

రాజమండ్రి దాకా రైలు, అక్కడినుంచి అశ్వారావుపేట మీదుగా బస్సులు మారి మారి, సోమవారం మధ్యాహ్నానికి పాల్వంచ దాటారు. అక్కడ రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. బూర్గంపాడు వాళ్లని మెరక మీదున్న ఒక బడిలో ఉంచారని ఎవరో చెప్పారు. దారి పొడుగునా హెప్సిబా ఏడవలేదు. భర్త ఏదైనా మాట్లాడబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

బడి వరండాలో బెంచీ మీద శాంతికుమార్ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఎవరిదో గళ్ల లుంగీ, పెద్దదైన చొక్కా. కుడి పాదానికి కట్టు. తెల్ల బట్టలు లేకుండా తండ్రిని ఆమె ఎన్నడూ బయట చూడలేదు. ఆమెని చూడగానే ఆయన లేవబోయి, నొప్పికి మళ్లీ కూర్చుని, లోపలికి కేకేశాడు.

“వచ్చిండ్రు. మన పిల్లలు వచ్చిండ్రు.”

గదుల్లోంచి అందరూ వచ్చారు. ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు. “ఒక్క పానం గూడ పోలేదు బిడ్డా. మీరక్కడ ఉపాసం ఉండి మొక్కవట్టే గట్టెక్కినం,” అంది ఒక ముసలామె. ఇంకొకామె జయరాజ్ చేతుల్ని కళ్లకి అద్దుకుంది. అతను వెనక్కి తీసుకోబోయాడు, ఆమె వదల్లేదు.

అన్నం పెట్టే వేళ అది. ఆవరణలో పెద్ద గుండిగలో కిచిడీ, పళ్లేలు పట్టుకుని వరస. వరసలో ముందున్న మనిషి పక్కకి జరిగి, “ముందు వాళ్లకు పెట్టండి. మూడు దినాల సంది కడుపుల ఏం లేదు వాళ్లకు,” అన్నాడు. వరసంతా కదిలి వాళ్లకి దారి ఇచ్చింది. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా జరిగారు.

“మాకొద్దు. మీరు తినండి,” అంది హెప్సిబా.

“తిను బిడ్డా. నీర్సం అయితవ్,” అన్నారు.

రెండు పళ్లేల నిండా పెట్టి ఇచ్చారు. అందరూ చూస్తుండగా ఇద్దరూ గోడ వారన కూర్చుని తిన్నారు. జయరాజ్ తల ఎత్తలేదు. హెప్సిబా ప్రతి ముద్దా నీళ్లతో దించుకుంది.

తినడం అయ్యాక సంపూర్ణ వచ్చి పక్కన కూర్చుంది. సంపూర్ణకి యాభై దాటాయి. మొగుడు పోయి పదేళ్లు. ఒక బర్రె, ఆ పాలు, పాస్టరు ఇంటి పక్కన ఒక గుడిసె, అంతే ఆమె సంసారం. హెప్సిబా తల్లి పోయినప్పటినుంచి శాంతికుమార్‌కి రోజూ ఒకపూట కూర పెట్టేది ఆమే.

“నాన్న కాలికి ఏమైందత్తా?” అని అడిగింది హెప్సిబా.

సంపూర్ణ చెప్పుకొచ్చింది. “శనారం పొద్దుగూకక ముందే నీళ్లొస్తయని తెలిసింది. పగటికే ట్రాక్టర్లు వచ్చినయ్. అందరు ఎక్కిండ్రు. అయ్యగారు ఎక్కలే. నాలుగింటికి మా బిడ్డ ఫోన్ జేస్తది, ఎత్తకపోతే బుగులు వడ్తది, మాట్లాడినంక వస్త అన్నడు. ఒక్కన్ని ఎట్ల ఇడిసిపెట్టి పోను? నేను ఆగిన. ఆయినను ఆఖరి ట్రాక్టర్ ఎక్కిచ్చి, నేను బర్రెను తోలుకొని రోడ్డు మీద నడుసుకుంట పోదామనుకున్న. నాలుగాయె, ఐదాయె. వాకిట్లకు నీళ్లొచ్చినయ్. ఆయినే జేసిండు మీకు. కలవలే. ఇంకొక్క అరగంట, ఇంకొక్క అరగంట అనుకుంట కూసున్నడు. ఆరింటికి ఫోనే సచ్చిపోయింది. ట్రాక్టర్ పోయింది. ఇగ మన ప్రార్థన గుడి స్లాబు మీదికి ఎక్కినం. ఎక్కేటప్పుడే కాలు మెట్టుకు తగిలి చీరుకపోయింది. ఆదివారం పొద్దుగాల పడవ వచ్చింది.”

“బర్రె?”

“కొట్టంల నడుముల దాక నీళ్లొచ్చినయ్. తాడు ఇప్పరాలేదు నాకు. స్లాబు మీదికెల్లి వినవడ్డది. కొంచెం సేపు ఒర్రింది.”

హెప్సిబా సంచి ఒళ్లోకి లాక్కుంది.

సంపూర్ణ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, మొహంలోకి చూస్తూ అడిగింది. “బిడ్డా, నా చీటీ అక్కడ పెట్టినవా?”

“పెట్టిన అత్తా,” అంది హెప్సిబా.

ఆ మాట అనేసి లేచి బడి వెనక్కి వెళ్లింది. నీళ్ల ట్యాంకు వెనక నిలబడి కవరు చించింది. ఇరవై మూడు చీటీలు. సగానికి పైగా ఒకే చేతిరాత, తండ్రిది. రాయడం రానివాళ్లు చెబితే ఆయన రాశాడు. సంపూర్ణ చీటీ నాలుగోది. ‘మా బర్రె చూడిది. ఈ నెలాఖరుకి ఈనాలి. తల్లీ పిల్లా క్షేమంగా ఉండాలి. – సంపూర్ణ.’ హెప్సిబా మిగతావి చదవలేకపోయింది. ట్యాంకు గోడకి నుదురు ఆనించి నిలబడింది. తను తాగిన వైన్ గురించి ఆమెకి అప్పుడు ఏ బాధా లేదు. రెండు నిమిషాల కిందట, ఆ మనిషి కళ్లలోకి చూస్తూ, తడుముకోకుండా అన్న ఆ ఒక్క మాట గురించే.

సాయంత్రం పెద్ద గదిలో ప్రార్థన జరిగింది. బెంచీలన్నీ గోడకి జరిపి కింద కూర్చున్నారు. శాంతికుమార్ కుర్చీలో కూర్చుని ఒక పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యాక, “మన కోసం ఉపవాసం ఉండి వచ్చిన పిల్లలు సాక్ష్యం చెప్తరు,” అన్నాడు.

హెప్సిబా కదల్లేదు. జయరాజ్ ఆమె వంక చూసి తనే లేచాడు. నాలుగేళ్లలో ఆయన సంఘం ముందు అతను నిలబడడం అదే మొదలు.

“అందరికి వందనాలు,” అన్నాడు. “అక్కడ... శానా మంది వచ్చిండ్రు. వానల గూడ వచ్చిండ్రు. మేము...”

నిజం చెప్పమని మొదటినుంచీ అన్నది అతనే. ఇప్పుడు ఆమె కోసం అబద్ధాలు వెతుక్కుంటున్నాడు. హెప్సిబా లేచి అతని చెయ్యి పట్టుకుని కిందకి లాగింది. “కూసో,” అంది.

తర్వాత తండ్రి వైపు కాకుండా జనం వైపు తిరిగి చెప్పింది. “అక్కడ ప్రార్థనలు లేవు. మేము పోలేదు. మా ఆయన తప్పు లేదు, నేనే నాన్నతోని అబద్ధం చెప్పిన. సముద్రం చూడనీకె పోయినం. తిననీకె పోయినం. శనివారం నాలుగింటికి హోటల్ల కూసొని వైన్ తాగుతున్న. నాన్న ఫోన్ వస్తదని తెలిసే బంద్ చేసిన. మీ చీటీలు ఇగో, నా సంచిలనే ఉన్నయ్. సంపూర్ణత్తా, నీది పెట్టిన అని చెప్పిన. పెట్టలే.”

ఒక చంటిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకుపోయింది. మధ్యాహ్నం వరసలో దారి ఇచ్చిన మనిషి తువ్వాలు దులుపుకుని లేచి, తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, వెళ్లిపోయాడు. శాంతికుమార్ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన మొదలుపెట్టబోయి, “తండ్రీ...” అని ఆగిపోయాడు. ఇరవై ఆరేళ్లలో ఆయనకి మాట అందకపోవడం ఎవరూ చూడలేదు. చివరికి అందరికీ కంఠతా వచ్చిన పరలోక ప్రార్థనే ఎత్తుకున్నాడు. నలుగురైదుగురు గొంతు కలిపారు. సంపూర్ణ కలపలేదు.

మర్నాడు పొద్దున బోరింగు దగ్గర హెప్సిబా నీళ్లు కొడుతుంటే సంపూర్ణ బిందె తెచ్చి పెట్టింది. హెప్సిబా ఆమె బిందె నింపుతూ, “అత్తా, నన్ను...” అని మొదలుపెట్టింది.

“నువ్వు ఏం తిన్నవో ఏం తాగినవో నాకేంది,” అంది సంపూర్ణ. “వయసుల ఉన్నరు, మొగుడు పెండ్లాలు, పోయిండ్రు. ఫోన్ జెయ్యాలె. జెయ్యకపోతివి. సరే, నీళ్లొస్తయని నీకేం ఎరుక, అదీ పోనియ్. నిన్న నేను మొహం చూసి అడిగిన. నువ్వు నా మొహం చూసి చెప్పినవ్. గది నాకు తాకింది.”

బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. కట్టు మార్చడానికి పాదం ఇచ్చేవాడు, అన్నం పెడితే తినేవాడు. మూడో రోజు ఆమె గాయం కడుగుతుండగా ఆయనే నోరు తెరిచాడు.

“ఊరందరి గుమ్మాల కాడ కూసున్న. తాగుబోతులు గూడ నాతోని నిజం చెప్పిండ్రు. నా బిడ్డకు నాతోని నిజం చెప్పేటంత ధైర్యం నేనియ్యలేదు. రెండు దినాల సంది గదే ఆలోచన చేస్తున్న.”

“నీదేం తప్పు లేదు నాన్నా.”

“నా తప్పు నాకున్నది. మీరు ఉపవాసం ఉన్నరని సంఘంల చెప్పింది నేనే గదా. అడిగి తెలుసుకోలే. అల్లుడు వస్తుండని మురిసిపోయి చెప్పిన.” ఆయన పాదం వెనక్కి తీసుకున్నాడు. “మూడు నెలలు బల్లకు దూరం. నువ్వూ, నేనూ.”

హెప్సిబా తల ఎత్తి చూసింది. తను ఏ శిక్షకైనా సిద్ధపడింది. ఇది మాత్రం అనుకోలేదు. “నాన్నా, నువ్వెందుకు?” అంటే ఆయన కట్టు కట్టమని పాదం మళ్లీ ముందుకి చాపాడు.

నీళ్లు తీశాక ఊరికి తిరిగి వెళ్లారు. గుడిలో మోకాలెత్తు ఒండ్రు. సెప్టెంబరు మొదటి ఆదివారం పక్క ఊరి పాస్టరు వచ్చి బల్ల ఇచ్చాడు. శాంతికుమార్ అందరి ముందు కారణం తన నోటితోనే చెప్పి, ముందు వరసలో కూర్చుని, గిన్నె తన దాకా వస్తే చేతులు కట్టుకుని పక్కవాళ్లకి అందించమన్నాడు. ముసలివాళ్లు కొందరు ఏడ్చారు. అటు చూడలేక హెప్సిబా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. జయరాజ్ కేథలిక్కు, మామగారి శిక్ష అతనికి వర్తించదు. అయినా ఆ మూడు నెలలూ ప్రతి మొదటి ఆదివారం వచ్చి వెనక బెంచీలో ఆమె పక్కన కూర్చున్నాడు. అందులో మొదటి రెండు నెలలు అతను షాపు సామాను మొత్తం బూర్గంపాడు తెచ్చి గుడి ముందు టార్పాలిన్ పట్టా వేశాడు. వరదకి మునిగిన మోటార్లు ఊరంతా ఉన్నాయి. విప్పి, ఒండ్రు కడిగి, ఎండబెట్టి, కొత్తగా తీగ చుట్టాడు. ఆ రోజు గదిలోంచి లేచి వెళ్లిపోయిన మనిషి కూడా ఒక మోటారు తెచ్చి, ఏమీ అనకుండా అక్కడ పెట్టి వెళ్లాడు. జయరాజ్ దాన్ని ముందు బాగు చేశాడు.

జయరాజ్ ఒక బర్రె పడ్డని తోలుకొస్తానంటే సంపూర్ణ వద్దంది. “నీ సొమ్ము నాకెందుకు. సర్కారు ఇస్తే తీసుకుంట,” అంది. పశువులు పోయినవాళ్లు మండలాఫీసులో దరఖాస్తు పెట్టుకోమని దండోరా వేశారు. ఆ పొద్దున సంపూర్ణ పాస్టరు ఇంటికి వచ్చి గడపలోనే నిలబడింది.

“అయ్యగారికి చెయ్యి వణుకుతుందట. కాయితం రాయనీకె నువ్వొస్తవా?”

బోరింగు దగ్గర మాటల తర్వాత ఆమె హెప్సిబాతో మాట్లాడడం అదే మొదలు.

మండలాఫీసు వరండాలో కిక్కిరిసి జనం. ఇద్దరూ ఒక మూల కూర్చున్నారు. హెప్సిబా కాగితం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ నింపింది. పేరు, మొగుడి పేరు, ఊరు. పశువు ఏది, ఎన్నేళ్లది. “చూడిదని రాయి,” అంది సంపూర్ణ. రాసింది. ఆ కింద గడి, ‘నష్టానికి కారణం’. పెన్ను అక్కడ ఆగింది. కాగితం మీద అక్షరాలు మసకబారాయి.

సంపూర్ణ ఓసారి కాగితం వంక, ఓసారి ఆమె వంక చూసింది.

“ఏంది చూస్తున్నవ్? వరద అని రాయి. ఆఫీసోళ్లకు గదే కావాలె.”

హెప్సిబా రాసింది. సంపూర్ణ వేలిముద్ర వేసి, వేలు చీర కుచ్చెళ్లకి తుడుచుకుని, కాగితం తీసుకుని లేచింది. కిటికీ దగ్గర వరస పొడుగ్గా ఉంది. ఆమె వెళ్లి చివర నిలబడింది. హెప్సిబా ఆమె వెనక నిలబడింది. ఎండగా ఉంది. కాసేపటికి సంపూర్ణ వెనక్కి తిరగకుండానే, పక్కనున్న గోడ నీడలోకి కొంచెం జరిగింది, వెనక మనిషికి కూడా చోటు ఉండేటంత.